‘సమాధి’ మాట పుట్టుకను పట్టుకోవడం ఎలా?

సమాధి అనగానే తెలుగువారిలో చాలామందికి ముందు శ్మశానంలోని కట్టడం గుర్తుకు వస్తుంది, ఆ తరువాతే కన్నులు మూసుకొని కూర్చున్న యోగి. ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఎలా ఇమిడాయో తెలియాలంటే నిఘంటువు చెప్పే అర్థం దగ్గర ఆగకుండా ముందు మాటను విడదీయాలి. ఇది సంస్కృతపు మాట. సమ్, ఆ అనేవి ఉపసర్గలు, అంటే ధాతువుకు ముందు చేరేవి. వాటి తరువాత ఉన్నది ఉంచడం, నిలపడం అనే అర్థాలున్న ‘ధా’ ధాతువు, అంటే క్రియకు మూలరూపం. ఉపసర్గ ముందున్నప్పుడు ఇలాంటి ధాతువుకు చివర ‘కి’ ప్రత్యయం వస్తుందని పాణిని సంస్కృత వ్యాకరణమైన అష్టాధ్యాయిలోని 3.3.92 సూత్రం చెబుతుంది. ఆ ‘కి’లోని కకారం గుర్తు మాత్రమే, మాటలో నిలిచేది ఇకారం; ధాతువులోని ఆకారం లోపించగా ‘ధి’ మిగులుతుంది. చెదిరినదాన్ని ఒక్కచోటికి చేర్చి నిలపడమే ఇందులోని మూలభావం.

విడదీసిన తీరు సరైనదో కాదో తేల్చుకోవడానికి అదే పద్ధతిలో పుట్టిన నిధి, విధి, సంధి, ఉపాధి వంటి మాటలను పక్కన పెట్టి చూడాలి. సమమైన ధీ, అంటే బుద్ధి, కనుక సమాధి అనే వివరణ వినడానికి ఇంపుగానే ఉంటుంది గాని, అదే నిజమైతే మాట ‘సమధీ’ కావలసింది. ‘మా’లోని దీర్ఘానికి, ‘ధి’లోని హ్రస్వానికి ఆ వివరణలో చోటు లేదు.

ఆ పిమ్మట శాస్త్రంలోని ప్రయోగాన్ని చూడాలి. పతంజలి యోగసూత్రాల మూడవ పాదం మొదటి మూడు సూత్రాలలో చిత్తాన్ని ఒకచోట కట్టివేయడం ధారణ అని, ఆ తలపు తెగకుండా సాగడం ధ్యానమని, తన ఉనికే లేనట్టయి ధ్యానించే వస్తువు ఒక్కటే భాసించడం సమాధి అని ఉంది. మూడింటిలోనూ ధకారం వినిపించినంత మాత్రాన ఒకే ధాతువనుకోరాదు: ధారణకు మూలం ‘ధృ’, ధ్యానానికి ‘ధ్యై’.

ఇక కట్టడం సంగతి. సన్యాసులను దహనం చేయక భూమిలో ఉంచే ఆచారం ఉంది. యోగి మరణాన్ని సమాధిలోకి వెళ్ళడంగానే చెబుతారు కనుక ఆ స్థితి పేరే ఆ చోటుకూ, క్రమంగా మామూలు మనుషులను పూడ్చిన చోటుకూ వచ్చింది. కడప ప్రాంతంలోని బ్రహ్మంగారి మఠంలో వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి పొందారని భక్తులు చెప్పుకునేటప్పుడు రెండర్థాలూ కలిసే వినిపిస్తాయి.

చివరగా, ప్రత్యయం మాత్రమే మారిన తోబుట్టువును వెదకాలి. ‘సమాధానం’ అదే. వేదాంతంలో అది శమం, దమం మొదలైన ఆరు సాధనాలలో ఒకటైన చిత్తం కుదురుకోవడానికి పేరు, వాడుకలో ప్రశ్నకు జవాబు, తెలుగు బైబిలులో శాంతి. తగవు తీరి ఇరువర్గాలూ ‘సమాధానపడ్డారు’ అన్నప్పుడు కూడా చెదిరినది ఒకచోట కుదరడమనే ధాత్వర్థమే పనిచేస్తోంది.