డిలీట్ నొక్కడం మానేశాక

పదకొండేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకున్నా, నా పాట ఎవరికీ పంపింది లేదు. ఫోన్‌లో రికార్డు చేయడం, పది సెకన్లు వినడం, "ఛీ, ఇది నా గొంతా!" అని తీసేయడం. రోజూ అదే తంతు.

మొదట తెలిసొచ్చింది గొంతు సంగతి. పాడేటప్పుడు మన స్వరం గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల ద్వారా కూడా లోపలి చెవికి చేరుతుంది. అందుకే మనకది నిండుగా వినిపిస్తుంది. రికార్డింగులో ఆ ఎముకల వాటా ఉండదు. మా ఇంట్లోవాళ్లు ఇన్నేళ్లూ విన్నది ఆ పీల గొంతునే, ఎవరూ పారిపోలేదు!

తర్వాత ఒక నియమం పెట్టుకున్నా. పాడిన రోజు వినను. మర్నాడు తంబురా శ్రుతి పెట్టుకుని, పెన్ను పట్టుకుని వింటా. "బాగాలేదు" అని రాయకూడదు, తప్పు సరిగ్గా ఎక్కడుందో రాయాలి. "అనుపల్లవి రెండో సంగతి, గాంధారంలో ఊపు లేదు", ఇలా. (అనుపల్లవంటే పల్లవి తర్వాతి భాగం, సంగతంటే అదే పాదాన్ని కొత్త మలుపుతో మళ్లీ పాడటం, గాంధారమంటే 'గ' స్వరం. తోడి రాగంలో అది కదలకుండా నిలబడితే రాగమే పోతుంది మరి.) ఏడు నిమిషాల పాటలో తప్పులు నాలుగే తేలాయి. నాలుగింటికి సాధన చేయొచ్చు. "నాకు రాదు" అన్నదానికి ఏం చేస్తాం?

సభకు మాత్రం దొడ్డిదారినే వెళ్లా. త్యాగరాజ ఆరాధనలో ఆయన పంచరత్న కీర్తనల గోష్ఠిగానం, అంటే అందరూ కలిసి పాడటం, అందులో నాది వెనక వరస. మరుసటేడు మా శివాలయంలో ఒక్కదాన్నే, పదిహేను నిమిషాలు. చరణంలో మాట మర్చిపోయా. మృదంగం ఆయన ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, నడిపించారు, నేను పల్లవికొచ్చేశా. దిగాక ఒక పెద్దావిడ పిలిచి, "అమ్మాయ్, ఆ మైకు ఎవరు పెట్టారే, ఒకటే కీచు!" అంది.