రిలీజ్ వచ్చింది, ప్రచారం రాలేదు: ప్లాను ఎక్కడ చెడిందో కనిపెట్టడం ఎలా?

ఏ మరమ్మతుకైనా ముందు ఒక పని చేయండి. మీరు ప్రచారం చేస్తున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ వ్యవస్థో మరొకటో) కొత్త వెర్షన్ ఎప్పుడు వస్తుందో చెప్పే రిలీజ్ షెడ్యూలు పేజీని ఇప్పుడు తెరిచి చూడండి. రెండు నెలల కిందట వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన ఫొటో కాదు, అసలు పేజీ. తిరుపతిలో ఏ కాలేజీ బృందం వచ్చి "మా ప్లాను తలకిందులైంది" అన్నా నేను మొదట అడిగేది ఇదే. చాలామంది దగ్గర జవాబు ఉండదు.

ఆ పేజీలో చూడవలసినవి మూడు. దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చారు? అందులో ఉన్నది ఖాయమైన తేదీయా, లక్ష్యమా? సమయం ఏ దేశపు లెక్కలో ఉంది? ఫెడోరా షెడ్యూల్లో లక్ష్య తేదీలు ఒకటి కాదు, వరుసగా ఉంటాయి: అన్నీ కలిసొస్తే ఈ మంగళవారం, లేకపోతే పై మంగళవారం. మనవాళ్లు మొదటిదాన్నే ముహూర్తంగా పెట్టేసుకుంటారు. సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటే అయిదున్నర గంటలు కలుపుకోవాలి. వెర్షన్ నంబరు చూసి నెలను ఊహించే అలవాటు కూడా మానుకోండి. ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్ 24.2, నంబరు చూసి అనుకున్నట్టు ఫిబ్రవరిలో రాలేదు, 2024 జనవరి 31నే వచ్చేసింది. 2006 ఏప్రిల్‌లో రావలసిన ఉబుంటు జూన్‌కు జరిగింది కాబట్టే దాని నంబరు 6.04 కాక 6.06 అయింది.

ఇది చూశాక కూడా లెక్క తేలకపోతే కిందివి చదవండి.

సమస్య: ఫ్లెక్సీ మీద ఒక తేదీ, విడుదలైంది మరో తేదీన

నిర్ణయం వెలువడక ముందే ప్రింటుకు ఇచ్చారు. అంతకంటే కారణం లేదు. ఫెడోరాలో విడుదల చేయాలా వద్దా అనే సమావేశం మామూలుగా గురువారం జరుగుతుంది. చేయాలని తేలితే వచ్చే మంగళవారం విడుదల. శుక్రవారం ఉదయం ఫైలు ఇస్తే తిరుపతిలో ఫ్లెక్సీ చేతికి రావడానికి సోమవారం దాకా కూడా పట్టదు. అంత ఆగలేకపోతే విడుదల తేదీని పోస్టరు మీద వేయకండి. మీ కార్యక్రమం తేదీ వేస్తే చాలు, అది మీ చేతిలో ఉంటుంది.

సమస్య: షీటు తప్పు లేకుండా ఉంది, అయినా చివరి వారంలో పనులన్నీ ఒకేసారి మీద పడ్డాయి

బృందాలను బాగా ఏడిపించేది ఇదే. ఎందుకంటే షీటు చూస్తే తప్పేమీ కనిపించదు. పైగా తెలివైనవాళ్లు తయారుచేసిన షీట్లలోనే ఈ జబ్బు ఎక్కువ.

ఆ షీటు ఎలా ఉంటుందో చెబుతాను. పైన ఒక గడిలో విడుదల తేదీ. కింద ప్రతి పనికీ ఫార్ములా: స్క్రీన్‌షాట్లు విడుదలకు ఇరవై ఒక్క రోజుల ముందు, తెలుగు ప్రకటన పది రోజుల ముందు, హాలు మాట్లాడటం పదిహేను రోజుల ముందు. తేదీ మారితే ఒక్క గడి మార్చండి, అన్నీ వాటంతటవే జరుగుతాయని గర్వంగా చూపిస్తారు. జరుగుతాయి, నిజమే. జరగకూడనివి కూడా జరుగుతాయి, జరగవలసినవి కదలకుండా కూర్చుంటాయి.

2024 వసంతం గుర్తు చేసుకోండి. మార్చి 29న, లినక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో ఎవరో దొంగదారి (బ్యాక్‌డోర్) పెట్టిన సంగతి బయటపడింది. ఉబుంటు వాళ్లు జాగ్రత్త కోసం సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను మొదటి నుంచి మళ్లీ తయారుచేశారు. ఏప్రిల్ 4న రావలసిన 24.04 బీటా, అంటే విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చే వెర్షన్, 11న వచ్చింది. తుది విడుదల మాత్రం చెప్పిన ఏప్రిల్ 25నే వచ్చింది. అంటే బీటాకూ విడుదలకూ మధ్య ఉండవలసిన మూడు వారాలు రెండయ్యాయి. ఒకే గడి మీద నడిచే షీటులో ఏం మారింది? ఏమీ మారలేదు. విడుదల తేదీ కదలలేదు కాబట్టి షీటంతా పచ్చగా ఉంది. కానీ బీటా చేతికొచ్చాకే చేయగలిగిన పనులు, అంటే డెమో వీడియో, ల్యాబు కంప్యూటర్ల మీద ప్రయత్నించి చూడటం, వాటిని బట్టి ప్రకటన రాయడం, అన్నిటికీ ఒక వారం తెగిపోయింది.

దీనికి ఎదురు కథ ఫెడోరా 37. బీటా 2022 సెప్టెంబరు 13న వచ్చింది. నెట్‌లో వెళ్లే సమాచారాన్ని భద్రంగా ఉంచే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో తీవ్రమైన లోపం ఉందనీ, దిద్దుబాటు నవంబరు 1న వస్తుందనీ తెలియడంతో అక్టోబరులో రావలసిన తుది విడుదలను ఆపి, నవంబరు 15న ఇచ్చారు. ఒకే గడి షీటు ఇక్కడ అన్నిటినీ వెనక్కి జరుపుతుంది. అప్పటికే తీసేసిన స్క్రీన్‌షాట్లు కూడా "చేయవలసిన పనులు" వరుసలోకి తిరిగొస్తాయి. ఒకరు చేసిందే మరొకరు మళ్లీ చేస్తారు. చేసినవాళ్లకు ఒళ్లు మండుతుంది. ఉచితంగా పనిచేసే మనిషితో ఒకే పని రెండుసార్లు చేయిస్తే మూడోసారి ఫోను ఎత్తడు.

అసలు కారణం: విడుదల అనేది ఒక తేదీ కాదు, నాలుగైదు తేదీల వరుస. అవన్నీ ఒకేలా జరగవు. ఒకటి వెనక్కి జరిగితే మిగతావి ఉన్నచోటే నిలబడవచ్చు, మధ్య ఎడం తగ్గవచ్చు, పెరగవచ్చు. మన పనులన్నీ బతికేది ఆ ఎడంలోనే. అన్ని చొక్కాలనూ ఒకే మేకుకు తగిలించారు, అదే జబ్బు.

మరమ్మతు సులువే. పైన ఒక గడికి బదులు నాలుగు పెట్టండి: రూపం స్థిరపడే రోజు, అంటే యూఐ ఫ్రీజ్, బీటా, విడుదల నిర్ణయం, విడుదల. మీ ప్రాజెక్టులో వీటికి వేరే పేర్లుంటే ఆ పేర్లే రాసుకోండి. తర్వాత ప్రతి పనినీ పట్టుకుని ఒకే ప్రశ్న వేయండి: ఇది ఏది జరిగితే గానీ మొదలు కాదు? స్క్రీన్‌షాట్లకు యూఐ ఫ్రీజ్. దానికి ముందు తీసినవాటిలో మెనూ మారిపోయి ఉంటుంది. డెమోకు, ల్యాబు పరీక్షకు బీటా. ప్రింటుకు నిర్ణయం. పత్రికలకు పంపే మాటకు, సోషల్ మీడియాకు విడుదల. హాలు వీటిలో దేనికీ వేలాడదు. దాన్ని ఊరి పంచాంగానికి కట్టాలి, ఆ సంగతి కింద చెబుతాను.

ఒక నిలువు వరుస ఎక్కువ పెట్టి అందులో "ఎన్ని రోజుల పని" అని రాయండి. బీటా ఆలస్యమైన రోజు ఆ వరుస కూడి, మిగిలిన రోజులతో పోల్చండి. సరిపోకపోతే అప్పుడే ఏదో ఒకటి కొట్టేయండి. నేనైతే మొదట వీడియో కొట్టేస్తాను. ఎంతో కష్టపడి తీస్తారు, చూసేవాళ్లు తక్కువ. షెడ్యూలు పేజీని వారానికి ఒకసారి చూసి ఆ నాలుగు గడులు దిద్దే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. అందరిదీ అంటే ఎవరిదీ కాదు.

సమస్య: తెలుగు స్క్రీన్‌షాట్లో సగం ఇంగ్లిషు

అనువాదం స్ట్రింగ్ ఫ్రీజ్ (తెర మీది మాటలు స్థిరపడే రోజు) తర్వాత మొదలుపెట్టి, గడువులోపల ముగించలేదు. ఇక ఈ విడుదలకు చేయగలిగింది లేదు, తర్వాత వచ్చే చిన్న దిద్దుబాటు విడుదలలో చేరుతుంది. అనువదించిన మెనూలు కనిపించే తెరలనే ఎంచి వాడుకోండి. తెలుగు అనువాదకులతో ఒకసారి మాట్లాడితే ఏవి పూర్తయ్యాయో వాళ్లే చెబుతారు.

సమస్య: ప్రింటు దుకాణంలో తెలుగంతా డబ్బాలు

మీరు పంపింది యూనికోడ్. దుకాణంలో వాడుతున్నది యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లు. వాళ్లు దాన్ని మళ్లీ టైపు చేస్తారు, వత్తులు ఎగిరిపోతాయి, దిద్దడానికి ఒక పూట పోతుంది. పోస్టరును బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో చేసి, అక్షరాలన్నిటినీ పాత్‌గా, అంటే గీతల ఆకారంగా మార్చి, పీడీఎఫ్ పంపండి. మార్చక ముందు ఫైలును వేరే పేరుతో దాచుకోండి, లేకపోతే తర్వాత ఒక్క అక్షరం కూడా దిద్దలేరు.

సమస్య: విడుదల పార్టీకి ఎవరూ రాలేదు

ఊరి క్యాలెండరు చూడలేదు. ఉబుంటు 24.10 వచ్చింది 2024 అక్టోబరు 10న. ఆ ఏడు తిరుమల బ్రహ్మోత్సవాలు అక్టోబరు 4 నుంచి 12 వరకు. ఆ రోజుల్లో తిరుపతిలో గది దొరకదు, అలిపిరి వైపు బండి కదలదు, హాస్టలు పిల్లలు దసరాకు ఊళ్లకు వెళ్లిపోయి ఉంటారు. అధిక మాసం వచ్చిన ఏడాది బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరుగుతాయి. 2023లో సెప్టెంబరులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి జరిగాయి. ఏప్రిల్, మే విడుదలలకు సెమిస్టరు పరీక్షలు, గంగమ్మ జాతర అడ్డొస్తాయి. కాబట్టి పార్టీని విడుదల రోజున పెట్టనే వద్దు. రెండు మూడు వారాలు ఆగితే సాఫ్ట్‌వేర్‌లో మొదటి దిద్దుబాట్లు కూడా వచ్చేసి ఉంటాయి, డెమో మధ్యలో పరువు పోదు. అక్టోబరు విడుదలలకు ఇంకో దారి ఉంది. సెప్టెంబరు మూడో శనివారం జరుపుకునే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే నాటికి బీటాలు చేతికొచ్చి ఉండటమో, రాబోతూ ఉండటమో జరుగుతుంది. జనాన్ని అప్పుడే పిలిచి బీటా చూపించవచ్చు.

అరుదుగా వచ్చేవి

విడుదలయ్యాక డౌన్‌లోడ్ ఫైలునే వెనక్కి తీసుకోవడం: 2023 అక్టోబరులో ఉబుంటు 23.10 విషయంలో జరిగింది. ఉక్రేనియన్ అనువాదంలో ఎవరో ద్వేషపు మాటలు చొప్పించారు. కొన్ని రోజుల్లో సరిచేసి మళ్లీ పెట్టారు. మీరు పెన్‌డ్రైవులకు ఎక్కించే పని ఒకరోజు ఆపితే చాలు, దీనికోసం ప్లాను మార్చవద్దు. మిర్రర్, అంటే ఫైలు నకలు ఉంచే సర్వరు, నెమ్మదిగా ఉంటే టొరెంటు వాడండి. లోగో వాడుక గురించి సందేహమా, ప్రాజెక్టు ట్రేడ్‌మార్కు నియమాలు అయిదు నిమిషాల్లో చదవవచ్చు. హ్యాష్‌ట్యాగు ఏది పెట్టాలనే చర్చ గంట దాటితే గ్రూపును మ్యూట్ చేసి స్క్రీన్‌షాట్ల పని చూసుకోండి.