మంచు కరిగింది, నీళ్లు మాత్రం వేడెక్కలేదు: మే నెలలో కెనూ దింపే ముందు

అమెరికాలోని ఈ మినెసోటాలో ఏప్రిల్ ఆఖరు వచ్చిందంటే మన తెలుగువాళ్ల మధ్య ఒకటే చర్చ. కెనూ, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవ, తేలికైన కెవ్లార్ నారది కొనాలా, పాత అల్యూమినియం చాలా, కార్బన్ తెడ్డుకు అంత డబ్బు పెట్టొచ్చా అని. నాకూ ఇష్టమైన చర్చే, గంటలు గంటలు మాట్లాడతాను. ఈసారి మాత్రం పడవ కంటే ముందు నీళ్ల గురించి చెప్పాలి.

ఎలీ ఊరు దాటితే కెనడా సరిహద్దు వెంబడి బౌండరీ వాటర్స్. సుమారు 11 లక్షల ఎకరాల అడవి, వెయ్యికి పైగా సరస్సులు. మే 1 నుంచి అక్కడ కోటా పర్మిట్లు, అంటే రోజుకి ఇన్ని జట్లకే అని ఇచ్చే అనుమతులు, మొదలవుతాయి. కొన్ని సంవత్సరాల్లో ఆ రోజుకి సరస్సుల మీద ఇంకా మంచు పలక ఉంటుంది. మే మధ్యకి వచ్చేసరికి ఎండ హాయిగా కాస్తుంది, గాలి 24 డిగ్రీల సెల్సియస్ చూపిస్తుంది, నీళ్లు 10 డిగ్రీలు కూడా దాటకపోవచ్చు. ఒడ్డున నిలబడి చూస్తే ఈ తేడా కంటికి ఆనదు.

నేను కొల్లేటి పక్క ఊళ్లో పుట్టాను. తాటిదోనె మీద గెడ వేసే మేనమామ వెంట వలల దగ్గరికి వెళ్లేవాణ్ణి. దోనె తిరగబడితే లేచి నిలబడేవాళ్లం. నీళ్లు నడుం దాకానే, అవీ గోరువెచ్చగా. నీళ్లంటే నాకున్న ధైర్యమంతా అక్కడిదే. ఆ ధైర్యంతోనే ఇక్కడ తప్పు చేశాను.

మూడేళ్ల కిందట, మే నెలలో ఒక శనివారం. అద్దెకు తెచ్చిన కెనూలో ముందు సీట్లో నా స్నేహితుడు, వెనక నేను. ఇద్దరం జీన్స్, కాటన్ టీషర్టుల్లో ఉన్నాం. లైఫ్ జాకెట్లు సీటు కింద ఉన్నాయి. ఒడ్డు పట్టుమని వంద అడుగులు లేదు. అతను ఫొటో కోసం పక్కకి వంగాడు, అంతే. తల నీళ్లలోకి వెళ్లగానే నోరు దానంతటదే తెరుచుకుంది. ఊపిరి బిగపట్టాలని తెలుసు, కానీ వల్ల కాలేదు. తేలుతున్న జాకెట్ దొరికింది, భుజాలకు తగిలించుకున్నాను, బకిల్ పెట్టబోయాను. రెండు ప్లాస్టిక్ ముక్కలు, ఒకటి ఇంకోదాంట్లోకి తోస్తే టక్‌మనాలి. నా బొటనవేలు, చూపుడువేలు దగ్గరికే రాలేదు. కళ్లెదుట బకిల్ ఉంది, చెయ్యి ఉంది, రెండూ కలవలేదు. ఇద్దరం తిరగబడ్డ పడవను వాటేసుకుని ఉంటే వేరే పడవలో వెళ్తున్న దంపతులు చూసి ఒడ్డుకు చేర్చారు. నాకు ఈత బాగా వచ్చు. ఆ రోజు అది ఎందుకూ పనికి రాలేదు.

అలా ఎందుకైందో తర్వాత చదువుకున్నాను. మానిటోబా యూనివర్సిటీలో చలి మీద పరిశోధన చేసిన గార్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 అని గుర్తుంచుకోమంటారు. చల్లటి నీళ్లలో పడ్డాక మొదటి 1 నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు, ఎగశ్వాస వస్తుంది. తర్వాత సుమారు 10 నిమిషాలు చేతులూ కాళ్లూ ఏదో ఒక పనికొస్తాయి, ఆపైన కండరాలు మొరాయిస్తాయి. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. లైఫ్ జాకెట్ లేనివాళ్లు చాలామంది ఆ గంట దాకా రారు, మొదటి నిమిషాల్లోనే మునిగిపోతారు. అందుకే జాకెట్ ఒడ్డునే వేసుకుని, బకిళ్లన్నీ పెట్టుకుని, అప్పుడే పడవ ఎక్కండి. మినెసోటా చట్టం ప్రకారం పడవలో ఉన్న ప్రతి మనిషికీ సరిపోయే జాకెట్ ఉండాలి, 10 ఏళ్లలోపు పిల్లలు వేసుకునే ఉండాలి. పెద్దవాళ్లకి పడవలో ఉంటే చాలని చట్టం అంటుంది. మే నెలలో అది చాలదు.

గ్యారేజీలో పడి ఉన్న పాత జాకెట్ నమ్మదగిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. గుడ్డని రెండు వేళ్లతో గట్టిగా గుంజండి, చిరిగితే దాని పని అయిపోయినట్టే. లోపలి ఫోమ్ నొక్కితే మళ్లీ పైకి లేవాలి. వేసుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. అది గడ్డం దాటి పైకి వస్తే మీ సైజు కాదు.

బట్టల విషయం ఒక్క ముక్కలో చెప్పాలంటే, గాలిని చూసి కాకుండా నీటిని చూసి వేసుకోండి. కాటన్ తడిస్తే ఒంట్లో వేడి లాగేస్తుంది, కాబట్టి జీన్స్, కాటన్ టీషర్టు వద్దే వద్దు. ఒంటికి ఉన్ని గానీ పాలిస్టర్ గానీ, పైన తడిసినా వేడి నిలిపే రబ్బరు వెట్‌సూట్. స్తోమత ఉంటే నీరు లోపలికి రానివ్వని డ్రైసూట్. పొడి బట్టల జత ఒకటి వాటర్‌ప్రూఫ్ సంచిలో, లైటర్ మాత్రం జాకెట్ జేబులో. పడవ మీ చెయ్యి దాటి కొట్టుకుపోతే సంచి కూడా దాంతోనే పోతుంది.

ఇక పడవ. చలికాలమంతా పడుకున్న పడవను తిన్నగా నీళ్లలోకి తోయకండి, ముందు ఒక గంట పెరట్లో గడపండి.

అల్యూమినియం పడవలు మొండివి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విమానాల కంపెనీ గ్రమ్మన్ మొదలుపెట్టిన రకం ఇప్పటికీ వేల సంఖ్యలో తిరుగుతున్నాయి. 17 అడుగుల పడవ 30 కిలోలు దాటుతుంది. దాన్ని రెండు బల్లల మీద పెట్టి లోపల రెండు బకెట్ల నీళ్లు పోయండి, కింద పడుకుని రివెట్ల వరస చూడండి. వదులైన రివెట్ దగ్గర ముందు ఒక నీటి ముత్యం కడుతుంది, తర్వాత జారుతుంది. రెండు కొనల్లోనూ ఫోమ్ ఉందో లేదో కూడా చూడాలి. పాత పడవల్లో అది పొడిపొడిగా రాలిపోయి ఉండొచ్చు. ఫోమ్ లేని అల్యూమినియం పడవ నీళ్లు నిండితే మునిగిపోతుంది.

రాయలెక్స్ అనే ప్లాస్టిక్ షీటుతో చేసిన పడవ ఉన్నవాళ్లు దాన్ని ప్రాణంగా చూసుకుంటారు, ఎందుకంటే ఆ షీటు తయారీ 2014లో ఆగిపోయింది. రాయికి కొట్టుకుంటే వంగి మళ్లీ సర్దుకునే గుణం దానిది. దాని చిక్కల్లా చలితోనే. పడవ అంచు పట్టీ, అదే గన్వేల్, చెక్కదైతే గడ్డకట్టే చలికి షీటు ముడుచుకున్నంతగా చెక్క ముడుచుకోదు. స్క్రూల దగ్గర లాగి లాగి వెంట్రుకంత పగులు కిందికి పాకుతుంది. స్క్రూలు ఒక్కొక్కటీ చూస్తూ రండి. వచ్చే చలికాలానికి ముందే వాటిని వదులు చేసి పెట్టుకుంటే ఈ తిప్పలు ఉండవు.

కెవ్లార్ పడవ 20 కిలోల లోపే. డ్యుపాంట్‌లో స్టెఫనీ క్వోలెక్ 1965లో కనిపెట్టిన నార అది. తేలిక కాబట్టే పోర్టేజ్ దారుల్లో, అంటే ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి పడవ మోసుకెళ్లే చోట, అందరూ దాన్నే కోరుకుంటారు. తేనె రంగులో ఉండే రకమైతే ఎండకి ఎదురుగా పట్టి లోపలి నుంచి చూడండి. రెసిన్ చిట్లిన చోట తెల్లటి మచ్చ కనిపిస్తుంది. అడుగు భాగాన్ని నాణెంతో తట్టుతూ వెళ్లండి, శబ్దం ఒక్కసారిగా మొద్దుబారితే అక్కడ పొరలు విడిపోయినట్టు. ఈ పడవను ఒడ్డు రాళ్ల మీదికి తోసి దిగకూడదు, మోకాలి లోతు నీళ్లలో ఆపి దిగాలి. మే నెలలో దానికి నీళ్లు చొరని బూట్లు కావాలి. లేకపోతే మొదటి పోర్టేజ్‌కే పాదాలు మొద్దుబారతాయి.

ఏ పడవైనా మధ్యలో ఉండే కాడి బోల్టులు బిగించడం మర్చిపోకండి. ఇంగ్లిషులోనూ దాని పేరు కాడే, మోసేది మాత్రం మన భుజాలు. రాళ్ల దారిలో బోల్టు ఊడితే పడవ మెడ మీద పడుతుంది.

తెడ్డు కొసని గడ్డి మీద ఆనించి, పైనుంచి మెల్లగా బరువు వేసి చెవి పెట్టండి. కిర్రుమంటే ఎక్కడో పగులుంది. చెక్క తెడ్డు రెక్క అంచున వార్నిష్ పోయిన చోట నీరు దిగి చెక్క ఉబ్బుతుంది, అక్కడ గీకి మళ్లీ పూయండి. వంపు కాడ కార్బన్ తెడ్డు చేతికి పువ్వులా ఉంటుంది, దూరం పోవడానికి దానికి సాటి లేదు. అయినా రాళ్లని నెట్టడానికి నా దగ్గర ఒక మామూలు చెక్క తెడ్డు ఎప్పుడూ ఉంటుంది. అదే నా అదనపు తెడ్డు. దాన్ని సామాన్ల కింద పెడితే లేనట్టే, చెయ్యి చాస్తే అందాలి.

గన్వేల్‌కీ తెడ్డుకీ అవిసె నూనె పట్టించేవాళ్లకి ఒక హెచ్చరిక. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి గ్యారేజీ మూల పడేయకండి. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఆ ఉండ దానంతటదే అంటుకుంటుంది. గుడ్డల్ని విడివిడిగా పరిచి బయట పూర్తిగా ఆరనిచ్చాకే చెత్తలో వేయండి.

కారు మీద కట్టేటప్పుడు రెండు అడ్డపట్టీలతో సరిపెట్టకుండా ముందు కొనకీ వెనక కొనకీ తాళ్లు వేయండి. హైవే మీద ఎదురుగాలికి తేలిక పడవే ముందు లేస్తుంది.

నీళ్లలోకి దిగాక బరువు అడుగున, మధ్యలో ఉండాలి. అలలు వస్తే మోకాళ్ల మీద కూర్చోండి. పెద్ద సరస్సును మధ్యలోంచి అడ్డంగా దాటకండి. ఒడ్డు వెంటే వెళ్తే దూరం రెట్టింపైనా నాకు అదే ఇష్టం. గాలి సాధారణంగా మధ్యాహ్నానికి లేస్తుంది, కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరండి, అలల మీద తెల్లటి నురగ కనబడితే ఆగిపోండి. ఈ నెలలో నదులు మంచు నీటితో పోటెత్తుతాయి, కూలిన చెట్లు అడ్డంగా పడి ఉంటాయి. అన్నం వార్చినప్పుడు గంజి పోయి మెతుకులు ఆగినట్టు, చెట్టు కొమ్మల్లోంచి నీరు పోతుంది, మనిషి చిక్కుకుంటాడు. దూరం నుంచే చూసి ఒడ్డెక్కి పడవ మోసుకెళ్లండి.

తిరగబడితే మొదటి నిమిషం ఈత మొదలుపెట్టకండి. పడవను పట్టుకుని ఊపిరి కుదుటపడనివ్వండి. ఆ తర్వాత వీలైనంత ఒళ్లు నీటి పైకి వచ్చేలా బోర్లాపడ్డ పడవ మీదికి ఎక్కండి, విజిల్ ఊదండి. ఇదంతా జులైలో, వెచ్చటి నీళ్లలో, ఒడ్డు దగ్గర ఒకసారి కావాలని పడవ తిప్పేసి సాధన చేస్తేనే ఒంటికి వస్తుంది. మా పిల్లలకి అది వేసవి ఆటగా మారింది.

అడవిలో ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. బయల్దేరే ముందు ఏ ఎంట్రీ పాయింట్, ఏ సరస్సులు, ఎంతమందిమి, పడవ రంగేంటి, ఎప్పటికి తిరిగొస్తామో కాగితం మీద రాసి ఇంట్లో ఇస్తాను. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్‌కి అంటిస్తుంది. కింద కౌంటీ షెరీఫ్ ఆఫీసు నంబరు, దాని పక్కన ఒక టైము. ఆ టైము దాటితే ఇంకో అరగంట చూద్దామని ఆగకుండా ఫోన్ చేయాలని మా ఇద్దరి ఒప్పందం.