నీళ్లతో కట్టడం – 4వ పాఠం: అలుగు ఎంత ఎత్తులో పెట్టాలి?

పోయిన పాఠంలో మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబుతో మీ స్థలం వాలు కొలిచి, కాగితం మీద బాణం గుర్తులు వేసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఇంకా వేయకపోతే ముందు ఆ పని చూసి, తర్వాతే ఇది చదవండి. వాలు తెలియకుండా గుంత తవ్వితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

ఈసారి ఇంటి కప్పు మీద పడిన వాన ఇంకడానికి గుంత లెక్క కట్టి, దానికి అలుగు పెడతాం. అది సరిగ్గా పనిచేస్తోందా లేదా అని కనిపెట్టి ఉండే పని చిన్న ఏఐ మోడల్‌కి అప్పగిస్తాం. దానికి ముందు ఒకసారి చైనాలోని సిచువాన్ వెళ్లి రావాలి.

క్రీ.పూ. 256 ప్రాంతంలో అక్కడి షు సీమకు ఛిన్ రాజ్యం తరఫున అధికారిగా ఉన్న లి బింగ్, మిన్ నది మీద డుజియాంగ్‌యాన్ అనే సాగునీటి కట్టడం కట్టించాడు. నదికి అడ్డంగా ఆనకట్ట వేయలేదు. నది మధ్యలో చేప మూతిలా ముందుకు పొడుచుకొచ్చిన గట్టు వేసి, రెండు పాయలు చేశాడు. లోపలి పాయ ఇరుకు, లోతు ఎక్కువ. బయటి పాయ వెడల్పు, లోతు తక్కువ. నీళ్లు తక్కువగా ఉన్న రోజుల్లో లోతున్న వైపుకే ఎక్కువ పోతాయి కదా, అందుకని పదింట ఆరు వంతులు లోపలి పాయలోకి, అక్కణ్నుంచి చెంగ్డు మైదానం పొలాలకు వెళ్తాయి. వరదొస్తే వెడల్పున్న వైపు పొంగుతుంది, లెక్క తిరగబడి ఆరు వంతులు బయటి పాయలోకి పోతాయి. దీనికి గేట్లు ఎత్తేవాళ్లు, దించేవాళ్లు అక్కర్లేకపోయింది. (1974లో బయటి పాయకు గేట్లు పెట్టారు. కానీ అంతకుముందు రెండు వేల ఏళ్లకు పైగా అవి లేకుండానే నడిచింది.)

లోపలి పాయలోకి ఎక్కువైన నీళ్లు ఇసుకతో సహా ఒక పల్లపు గట్టు మీంచి పొర్లి బయటి పాయలో పడతాయి. మనకిది కొత్తేమీ కాదు, చెరువు అలుగే. తెలంగాణలో మత్తడి అంటారు.

ఆ పక్కనే కొండమీది గుడి గోడ మీద ఆరు చైనా అక్షరాలు చెక్కి ఉంటాయి. పూడిక లోతుగా తీయి, గట్టు తక్కువ ఎత్తులో కట్టు అని వాటి అర్థం. ఈ పాఠమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. మరి లోతుగా అంటే ఎంత? దానికి నది అడుగున ఇనుప కడ్డీలు పాతిపెట్టారు. చలికాలంలో పాయను కట్టేసి పూడిక తవ్వుతుంటే కడ్డీ తగలాలి. తగిలిందంటే ఆ ఏటికి చాలు.

దగ్గర్లోని ఛింగ్‌చెంగ్ కొండ, చైనాలో పుట్టిన తావో మతానికి పుట్టిళ్లలో ఒకటి. 2000లో యునెస్కో ఆ కొండనీ, డుజియాంగ్‌యాన్‌నీ కలిపే ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లి బింగ్ తావో పుస్తకాలు చదివి ఇది కట్టాడని నేననను. తావోలో ‘వూ వెయ్’ అనే మాటకు ఏమీ చేయకపోవడం అని అర్థం చెబుతుంటారు. అదే నిజమైతే ఏటేటా ఆ చలిలో నదిలోకి దిగి తవ్వడం దేనికి? బలవంతం లేకుండా చేయడం అంటే కొంత దగ్గరగా ఉంటుంది.

సరే, మన ఇంటికి వద్దాం. కప్పు 1000 చదరపు అడుగులు అనుకుందాం, అంటే 93 చదరపు మీటర్లు. సెంటీమీటరు వాన పడితే 930 లీటర్లు. కప్పు తడవడానికీ, చిందిపోయేదానికీ పదో వంతు తీసేస్తే 840 లీటర్లు దాకా గుంతకు వస్తాయి. గుంత లోతు 15 సెంటీమీటర్లే ఉంచండి. అప్పుడు 5.6 చదరపు మీటర్లు కావాలి. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు వేస్తే సరిపోతుంది. గోడకు కనీసం పదడుగుల దూరంలో వేయండి.

తవ్వే ముందు నేల ఎంత తాగుతుందో చూడాలి. అక్కడే అడుగు లోతు చిన్న గొయ్యి తీసి నీళ్లు నింపి, ఇంకిపోనివ్వండి. మళ్లీ నింపి, గంటలో ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. రెండు సెంటీమీటర్లు దిగితే 15 సెంటీమీటర్లు ఇంకడానికి ఏడున్నర గంటలు పడుతుంది. చక్కటి నేల. ఒక రోజు దాటినా నీళ్లు నిలిచేలా ఉంటే ఆ చోటు వదిలేయండి, లేకపోతే దోమలు పెంచినట్టే.

అలుగు సంగతి. గుంత చుట్టూ గట్టు వేసి, మీ కాగితం మీద బాణాలు బయటికి చూపించే వైపు రెండడుగుల పొడవున గట్టు ఎత్తు తగ్గించండి. అక్కడ రాళ్లు పరిచి, వట్టివేరు దుబ్బులు నాటండి. మట్టిని పట్టుకోవడంలో దాన్ని మించింది నాకు తెలీదు. అలుగు మట్టం మీ ఇంటి గడప కంటే కనీసం అడుగు కిందికి ఉండాలి.

నా మొదటి గుంతకు అలుగు పెట్టలేదు. దాని బదులు సెన్సరు, మోటారు, తనంతట తానే తెరుచుకునే వాల్వు పెట్టి మురిసిపోయాను. తొలి పెద్ద వానకే కరెంటు పోయింది. వాల్వు మూసుకునే ఉంది. నీళ్లు వరండా ఎక్కి చెప్పుల్ని తేల్చుకుంటూ హాల్లోకి వచ్చాయి. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను. వాలు చేయగలిగిన పనిని మెషీన్‌కి అప్పగించడం ఆరోజుతో మానేశాను.

మరి ఏఐతో పనేంటంటే, నది అడుగున ఉన్న ఆ ఇనుప కడ్డీ పని. గుంతలో సెంటీమీటర్ల గుర్తులున్న కర్ర పాతండి. వాన పడ్డప్పుడల్లా నాలుగు అంకెలు రాయండి: ఎన్ని మిల్లీమీటర్ల వాన పడింది, అంతకుముందు వాన పడి ఎన్ని రోజులైంది, కర్ర మీద నీళ్లు ఎంత ఎత్తుకు లేచాయి, మొత్తం ఇంకడానికి ఎన్ని గంటలు పట్టింది. ఇరవై వానలు రాశాక స్ప్రెడ్‌షీట్‌లో లీనియర్ రిగ్రెషన్ పెట్టండి. మొదటి మూడు అంకెలిస్తే నాలుగోది అంచనా కట్టే మోడల్ అది. ఏఐ అంటే ఇంతేనా అనకండి, మన గుంతకు ఇది చాలు.

అది ఆరు గంటలంటే ఆరున్నర పడితే కంగారు లేదు. వరసగా మూడు వానలకు ఆరు చెప్పి పదో పదకొండో పడుతోందంటే అడుగున సన్న మట్టి పేరుకుందన్నమాట. కడ్డీ కనబడే దాకా తవ్వాల్సిన రోజు వచ్చింది. ఒక్క జాగ్రత్త: చినుకులే చూసిన మోడల్‌ని కుంభవృష్టి గురించి అడగొద్దు. ఏదో ఒక అంకె ధైర్యంగా చెప్పేస్తుంది. కుంభవృష్టి సంగతి అలుగు చూసుకుంటుంది.

వచ్చే పాఠానికి గొయ్యి పరీక్ష మూడు చోట్ల చేసి, అంకెలు రాసుకుని రండి. ఏ చోట ఏ మొక్క వేయాలో ఆ అంకెలను బట్టే తేలుతుంది.