నల్లమలలో జింకలను చూడబోయే ముందు జాగ్రత్తలు

- టైం చూసుకోండి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు.
- మట్టిరంగు బట్టలు వేసుకోండి. సెంటు అస్సలు వద్దు, దుప్పి ముక్కు చాలా చురుకు.
- కొండముచ్చులున్న చెట్ల కిందే ముందు వెతకండి. అవి తెంపి పడేసే ఆకులూ కాయల కోసం చుక్కల దుప్పులు అక్కడికి చేరతాయి. మొదట కదిలే చెవి కనబడుతుంది, తర్వాతే ఒంటిమీది తెల్ల చుక్కలు. ముందుకాలు నేలకేసి తడుతోందంటే బెదిరినట్టే. కదలకుండా కూర్చోండి.
- బిస్కెట్లు వేయొద్దు, ఫ్లాష్ వద్దు, జీపు దిగొద్దు.
- గడ్డిలో పిల్ల ఒంటరిగా ఉంటే "పాపం, తప్పిపోయింది" అనుకుని ముట్టుకోకండి. తల్లే దాచి మేతకెళ్లి ఉంటుంది. దయచేసి ఇదొక్కటి మరవకండి.