పెరటి కోళ్లు, 4వ పాఠం: గూడు కడగకండి

ఈసారి పుంజు ఉంచుకోవాలా వద్దా, తెల్లవారుజామున కూత సంగతి ఏం చేయాలి అనేది రాస్తానన్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. 3వ పాఠం చూసి గూట్లో ఊక పరిచినవాళ్లలో చాలామంది ఇళ్లలో ఇప్పుడు వాసన గొడవ నడుస్తోంది. దానికి సగం కారణం నేను రాసిన ఒక్క మాట. "గూడు శుభ్రంగా ఉంచండి" అని రాసి వదిలేశాను. మన ఇళ్లలో శుభ్రం అంటే నీళ్లే కదా. వాకిలి కడుగుతాం, వంటింటి గట్టు కడుగుతాం, పండగొస్తే ఇల్లంతా కడుగుతాం. అలాగే గూడు కూడా కడిగారు. పైగా నేను ఆ పాఠం రాసింది మే నెలలో. బెజవాడ మే ఎండకి ఏం తడిసినా గంటలో ఆరిపోతుంది కాబట్టి మా గూట్లో ఊక దానంతట అదే పొడిగా ఉండింది, నేను ఆ సంగతి రాయాలని కూడా అనుకోలేదు. మీరు మొదలుపెట్టేసరికి వానలొచ్చాయి.

గుంటూరు బ్రాడీపేటలో ఒకాయన, భార్య "వాసనొస్తోంది" అన్నప్పుడల్లా పైపు పెట్టి గూడు కడిగారట, రోజూ పొద్దునా సాయంత్రం. వారం తిరిగేసరికి ఆవిడ బట్టలు ఆరేసుకునే తీగ పెరట్లోంచి మేడమీదకి మార్చేసుకున్నారు. మంగళగిరిలో ఒకావిడ డాబా మీద నాలుగు పెట్టల్ని పెంచుతున్నారు, భర్తకి కోళ్ల ఊసే గిట్టదు. మూడుసార్లు ఊక మొత్తం తీసి కొత్తది పోశారు, మూడుసార్లూ నాలుగో రోజుకి ఘాటు. చివరికి చూస్తే ఏసీ నీళ్ల గొట్టం గూడు వెనకే కారుతోంది. సింగ్ నగర్లో ఇంకొకరిది వేరే బాధ: 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకొచ్చినప్పటి నుంచి పెరటి గోడ పూర్తిగా ఆరలేదు, గూడు ఆ గోడకే ఆనించి కట్టారు. ఆయనకి నేను చెప్పింది చిన్న పనే. గూడు గోడకి అడుగున్నర దూరం జరిపి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, కింద గాలి ఆడేలా ఎత్తమన్నాను. మిగతా ఇద్దరికీ చెప్పాల్సింది ఇంకా ఉంది.

కోడికి మూత్రం విడిగా ఉండదు. రెట్టలో తెల్లగా కనిపించేది అదే, యూరిక్ ఆమ్లం. అది పొడిగా ఉన్నంతసేపూ పెద్దగా వాసన రాదు. తడి తగిలితే సూక్ష్మజీవులు దాన్ని అమోనియాగా మారుస్తాయి, ముక్కులో గుచ్చుకునే ఘాటు అదే. ఒక పెద్ద పెట్ట రోజుకి సుమారు 100 గ్రాములకి పైనే రెట్ట వేస్తుంది, అందులో దాదాపు ముప్పాతిక వంతు నీళ్లే. అంటే 5 పెట్టలుంటే, మీరు చుక్క నీళ్లు పోయకపోయినా, రోజుకి మూడు వందల మిల్లీలీటర్లకి పైగా నీళ్లు ఊకలోకి దిగుతున్నాయి. ఊక పని ఆ నీటిని పీల్చి గాలికి వదిలేయడం. దాని మీద మళ్లీ బకెట్ నీళ్లు కుమ్మరిస్తే ఇక అది ఎప్పుడు ఆరాలి?

కడగడం గురించి ఇంకాస్త రాయాలి, ఎందుకంటే ఇంత చెప్పాక కూడా "రోజూ కాదులెండి, శుక్రవారం శుక్రవారం", "ఊక తీసేసి కింద గచ్చు మాత్రమే", "ఊక తియ్యలేదు గానీ అంచుల్లో కొంచెం" అనేవాళ్లున్నారు. వద్దు. ఏ రకంగానూ వద్దు. సిమెంటు గచ్చు నీళ్లు పీలుస్తుంది, పైన ఆరినట్టు కనిపిస్తుంది, దాని మీద కొత్త ఊక పోస్తారు, లోపలి చెమ్మ కింద నుంచి ఊకలోకి ఎక్కుతుంది. పైపొర పొడిగా ఉంటుంది కాబట్టి మీకు అనుమానం రాదు. మూడో రోజుకి ఘాటు మొదలవుతుంది, ఇంట్లోవాళ్లు అంటారు, మీరు మళ్లీ కడుగుతారు. కడిగినరోజు వాసన తగ్గినట్టు అనిపించడమే ఈ పొరపాటుకి బలం. మినహాయింపు ఒక్కటే: ఏడాదికి రెండుసార్లు, కోళ్లన్నిటినీ బయట గంపల కింద మూసి, గూడంతా ఖాళీ చేసి కడగొచ్చు. కానీ ఎండ కాసే రోజుల్లోనే, కడిగాక రెండు పూర్తి రోజులు ఆరబెట్టి. శ్రావణ భాద్రపదాల్లో ఆ మాటే తలపెట్టకండి.

ఫినాయిల్ పోస్తే వాసన పోదు, రెండు వాసనలు కలుస్తాయి, ఆ ఘాటు కోళ్ల ఊపిరితిత్తులకి మంచిది కాదు. బ్లీచింగ్ పౌడర్ సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను, తడి రెట్ట మీద దాన్ని ఎప్పుడూ చల్లకండి. అమోనియాతో కలిసి విషవాయువు పుడుతుంది, కోళ్లకే కాదు, చల్లే మీకూ ప్రమాదం. వానాకాలం కాల్వల్లో చల్లుతారు కదా, ఇక్కడా చల్లుదాం అనుకోవద్దు. సున్నం అయితే తడిని పీలుస్తుంది గానీ, చల్లిన వెంటనే ఊకలో ఉన్న అమోనియాని ఒక్కసారిగా పైకి లేపుతుంది. చుట్టాలొచ్చేముందు సున్నం చల్లారంటే అంతకంటే పొరపాటు లేదు. కట్టెల బూడిదతో కూడా అదే చిక్కు, దాన్ని కోళ్లు దుమ్ము స్నానం చేసే గుంటలో ఇసుకతో కలిపి పెట్టండి, గూట్లోకి వద్దు.

ఇక అసలు విషయానికొస్తాను. పోయినసారి "వాసన వస్తే ఊక తిరగేయండి" అని రాశాను. ఎవరికి వాసన వస్తే అనేది రాయలేదు. రోజూ గూడు దగ్గర గడిపేవాళ్ల ముక్కు అమోనియాకి అలవాటు పడిపోతుంది, నిజంగానే తెలియదు. కోళ్లంటే ఇష్టం లేక పెరట్లోకి రాని మనిషి ముక్కు మాత్రం అలాగే ఉంటుంది. మీ ఇంట్లో కోళ్లు వద్దన్న మనిషే మీ గూటికి అందరికంటే ముందు కబురు చెప్పే మనిషి. ఆ మాటని మనం కోళ్ల మీద అయిష్టంగా వింటాం, అది గూట్లో తడి గురించి చెప్పిన సమాచారం అనుకోం.

నేను దీన్ని ఆలస్యంగా తెలుసుకున్నాను. రెండేళ్ల కిందట శ్రావణంలో మా ఆవిడ వరలక్ష్మీ వ్రతానికి వారం ముందు నుంచీ చెబుతూనే ఉంది, "ఏవండీ, వెనక గుమ్మం తీస్తే కళ్లు మండుతున్నాయి" అని. నేను రోజూ రెండు గంటలు అక్కడే ఉంటాను, నాకేమీ అనిపించలేదు. "నీకు కోళ్లంటే పడదు, అందుకే నీకు వాసనొస్తుంది" అన్నాను. పేరంటాళ్లు వచ్చారు, పసుపు రాయించుకుని తాంబూలం అందుకుని, కూర్చోకుండానే వెళ్లిపోయారు. ఆ సాయంత్రం శనగలు గిన్నెడు మిగిలిపోయాయి. ఆ రాత్రి ఆమె నన్నేమీ అనలేదు. తర్వాతి నెల పనిమీద నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చాను, గేటు తీయగానే నాకూ కొట్టింది. అప్పటికే రెండు పెట్టల కళ్ల మూలల్లో నురగ ఉంది. పశువుల డాక్టరు చూసి ముందు ఊక గురించే అడిగారు. మా ఆవిడ మాట మొదటిరోజే విని ఉంటే ఆ పెట్టలకి ఆ బాధ ఉండేది కాదు, ఆమెకి ఆ పేరంటం అలా అయ్యేది కాదు. ఇప్పటికీ ఆమెకి కోళ్లు ఇష్టం లేదు, ఇష్టపడమని నేను అడగడం మానేశాను. వాసనొస్తే చెప్పమని మాత్రం అడుగుతాను, చెప్పినరోజే పార పట్టుకుంటాను.

ఇంకో మాట. మీరు నిలబడి వాసన చూస్తున్నారు, కోడి తల నేలకి అడుగు ఎత్తులో ఉంటుంది. గొంతుకూర్చుని చూడండి, తేడా తెలుస్తుంది.

ఊక తడి చూడటానికి చెయ్యి చాలు. గుప్పెడు తీసి గట్టిగా పిండి, వేళ్లు తెరవండి. ఉండలా అలాగే నిలిచిందంటే తడి ఎక్కువ. సున్నుండల పిండికి నెయ్యి చాలనప్పుడు కట్టినట్టే కట్టి విడిపోతుంది చూడండి, అలా విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. అసలు అంటుకోకుండా జారిపోయి దుమ్ము లేస్తే మరీ పొడి, వానాకాలంలో ఆ బెంగ మీకు రాదు. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, అది చెప్పక్కర్లేదు. తడిగా ఉన్నచోట అట్ట కట్టిన ఊక మాత్రమే తీసి, అంతే పొడి ఊక వేసి, మిగతాది కింద నుంచి పైకి తిరగేయండి. మొత్తం మార్చనక్కర్లేదు. రెండు మూడు రోజులకోసారి తిరగేస్తే ఈగలు కూడా తగ్గుతాయి, ఎందుకంటే ఈగ గుడ్డు నుంచి ఈగ అవడానికి వారం పది రోజులు పడుతుంది, దానికి కదలని తడి కావాలి.

ఊక ఏదైనా పర్వాలేదని కొందరంటారు. నేను బియ్యం మిల్లు ఊక తప్ప వేరేది వాడను. రంపపు పొట్టు పట్టుకున్న తడిని తొందరగా వదలదు. గుంటూరు వైపు వేరుశనగ పొట్టు తేలిగ్గా దొరుకుతుంది గానీ తడిస్తే బూజు పడుతుంది, బూజు కోళ్ల ఊపిరికి చెడ్డది. నేను ఏప్రిల్‌లోనే కంకిపాడు వైపు మిల్లు నుంచి ఆరు సంచులు తెచ్చి మెట్ల కింద పెట్టుకుంటాను.

నీళ్ల పాత్ర గూడు బయట పెట్టండి. లోపలే పెట్టాల్సొస్తే కోడి వీపు ఎత్తుకి ఇటుకల మీద పెట్టండి. నేను మట్టి ముంతే వాడతాను, బరువుగా ఉంటుంది, తొక్కినా దొర్లదు. పుచ్చకాయ తొక్కలు, దోసకాయ ముక్కలు ఎక్కువగా వేస్తే రెట్ట పలచనవుతుంది, ఆ తడంతా ఊకలోకే.

అన్నిటికంటే పని తగ్గించేది ఇది. కోడి రాత్రి నిద్రపోతూ కూడా రెట్ట వేస్తుంది, అదంతా అది ఎక్కి పడుకునే కర్ర కిందే పడుతుంది. ఆ కర్ర కింద పాత ఫ్లెక్సీ ముక్క పరవండి. మన ఊళ్లో ఫ్లెక్సీలకి కరువు లేదు. పడుకునేముందు దాని మీద గుప్పెడు పొడి ఊక చల్లి, పొద్దున్నే ఇంట్లోవాళ్లు కాఫీకి లేవకముందే నాలుగు అంచులూ పట్టుకుని ఎత్తేయండి. రోజు మొత్తం మీద వచ్చే రెట్టలో పెద్ద భాగం ఊకలో కలవకుండానే బయటికి పోతుంది. దాన్ని కరివేపాకు చెట్టు మొదట్లో పచ్చిగా వేయకండి, వేళ్లు మాడతాయి. మూత ఉన్న డ్రమ్ములో ఎండుటాకులతో కలిపి మూడు నెలలు ఉంచాక వేయండి.

ఆ ఫ్లెక్సీ మీద అప్పుడప్పుడు ముదురు గోధుమ రంగులో, జిగటగా, మిగతావాటికంటే కంపు కొట్టే రెట్ట కనిపిస్తుంది. ఎనిమిది పదింటికి ఒకటి అలా రావడం మామూలే, కోడికి జబ్బు కాదు. ఇది ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి భయం మళ్లీ మొదలవుతుంది. ఆ భయం తప్పు కాదు. ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి. టీకాలు, మేత గురించి 2వ పాఠంలో ఉంది, మళ్లీ రాయను.

సాధన. ఇది 14 రోజులు, ఒక్కరోజు కూడా మానకూడదు. చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. రోజూ పొద్దున 6 లోపు, రాత్రి 8 తర్వాత, గూట్లో మూడు చోట్ల ఊక పిండి చూడండి: కర్ర కింద, నీళ్ల పాత్ర దగ్గర, గోడ పక్క మూలలో. ఆరు ఫలితాలూ రాయండి. రాత్రి భోజనాలయ్యాక, గూడు వైపు తీసుకెళ్లకుండా, వెనక గుమ్మం దగ్గర నిలబడమని మీ ఆవిడనో మీ ఆయన్నో అడగండి, వాసన 0 నుంచి 5లో ఎంత అని. ఒక్క అంకె చాలు. ఎందుకు అని అడగకండి, "నాకేం రావట్లేదే" అనకండి, నిన్నటికంటే తగ్గింది కదా అని ఒప్పించబోకండి. వాళ్లు చెప్పిన అంకె పక్కన మీ ముక్కుకి తోచిన అంకె రాసుకోండి, ముందు మీది రాసి తర్వాత అడగండి. వాళ్ల అంకె 3 దాటిన రాత్రి, టార్చి పట్టుకునైనా సరే, అట్ట కట్టిన ఊక తీసి పొడిది వేశాకే పడుకోండి. ఈ 14 రోజుల్లో కొత్త కోడి ఒక్కటి కూడా తేకండి, ఎంత మంచి పెట్ట దొరికినా సరే.

రెండు అంకెల మధ్య తేడా ఎన్నో రోజు నుంచి ఎక్కువైందో చూసుకోండి, అప్పటికి మీ ముక్కు అలవాటు పడిపోయిందన్నమాట. వరలక్ష్మీ వ్రతానికి మూడు వారాల ముందు మొదలుపెడితే సరిపోతుంది. ఊక సంచులు మాత్రం వాన తెరిపిచ్చిన రోజు చూసి తెచ్చుకోండి, మిల్లు బయట కుప్పలో ఉన్నది తీసుకోకండి, లోపలిది అడగండి.