మన ఊరి మిస్టరీ నవల: సొంతంగా రాసి, అచ్చు వేసి, అమ్ముకోవడం ఎలా?

మంచిర్యాల నుంచి సికింద్రాబాద్ వెళ్ళే రైలు కాజీపేటకు వస్తుంది గాని వరంగల్ స్టేషన్‌కు రాదు. దారి కాజీపేట దగ్గరే చీలిపోతుంది. "ఆ రైల్లో వచ్చి వరంగల్ స్టేషన్‌లో దిగాను, అప్పటికి తొమ్మిదయింది" అని మీ నవల మూడో అధ్యాయంలో ఒక పాత్ర మామూలుగా అనాలి. పాఠకుడు ఆ మాట చదివి ముందుకు పోవాలి. ఇరవయ్యో అధ్యాయంలో అదే మాట ఆ పాత్ర మెడకు చుట్టుకోవాలి. ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారిన పాకెట్ నవలల వేగం, మన ఊరికే చెందిన ఇలాంటి వివరం కలిస్తే, ఈనాటి పాఠకుడు కూడా నవలను ఏకబిగిన చదువుతాడు.

ముందు జవాబు రాసుకోండి

మొదటి అధ్యాయానికి ముందే ఒక పేజీలో ముగింపు రాయండి. ఎవరు చంపారు, ఎందుకు, ఎలా, ఏ జాడ వదిలారు. ఈ నాలుగూ తేల్చుకోకపోతే సగం దాటాక కథ చిక్కుపడుతుంది. చిక్కు విప్పడానికి ఎక్కడి నుంచో ఒక కవల సోదరుణ్ణి తేవలసి వస్తుంది. పాఠకుడు దాన్ని క్షమించడు.

జాడ కోసం ఇంట్లో కూర్చుని ఆలోచించకండి. మిర్చి సీజన్‌లో ఒక ఉదయం వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు వెళ్ళి నిలబడండి. ఘాటుకు కళ్ళు మండుతాయి. ముక్కుకు తువ్వాలు కట్టుకున్న హమాలీలు బస్తాలు దించుతుంటారు, కాంటా దగ్గర దడువాయి (తూకం వేసేవాడు) తూకం చెబుతుంటాడు. అమ్మకం అయ్యాక రైతు చేతికి తక్‌పట్టి వస్తుంది. రైతు పేరు, బస్తాలు, తూకం, ధర, తేదీ అన్నీ ఆ చిన్న చీటీలో ఉంటాయి. చనిపోయిన మనిషి జేబులో అలాంటి తక్‌పట్టి దొరికిందనుకోండి. లెక్క సరిగ్గానే ఉంది. తేదీ మాత్రం మార్కెట్‌కు సెలవైన ఆదివారం. అంటే ఎవరో దొంగ చీటీ రాసి జేబులో పెట్టారు.

పాఠకుడికి న్యాయం జరగాలంటే, రెండో అధ్యాయంలోనే మీ కథానాయిక ఒక ఆదివారం ఖాళీ యార్డులో నడవాలి. షెడ్ల నీడన మేకలు పడుకుని ఉండాలి. ఆధారాన్ని కళ్ళ ముందే పెట్టి, చూపును మేకల మీదికి మళ్ళించడమే ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన పని. నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ అదే. మార్కెట్ నిజమైనది కావచ్చు గాని, అడ్తి (కమిషన్ ఏజెంట్ల) షాపుల పేర్లు, మనుషుల పేర్లు తప్పకుండా కల్పించండి.

చట్టం ఒకసారి చూసుకోండి

2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఆ తరువాత జరిగిన హత్యకు సెక్షన్ 302 కాదు, 103. అంతకుముందు జరిగినదైతే పాత సెక్షనే.

నా మొదటి రాతప్రతిలో హంతకుడు ఠాణాలో ఇన్‌స్పెక్టర్ ముందు అంతా ఒప్పుకోవడంతో కథ ముగిసింది. చదివిన లాయరు మిత్రుడు, ఇది కోర్టులో నిలవదన్నాడు. పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలు నిందితుడికి వ్యతిరేకంగా సాక్ష్యం కాదు. కస్టడీలో అతడు చెప్పిన సమాచారంతో ఒక వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత మేరకే ఆ మాట చెల్లుతుంది. ముగింపు తిరగరాశాను. అతడు చెప్పిన కోల్డ్ స్టోరేజీలో, బస్తాల వరుస వెనుక, చీటీలు చింపిన పుస్తకం దొరికింది. కథ మునుపటికన్నా బిగిసింది. అరెస్టయిన మనిషిని, ప్రయాణ సమయం మినహా, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న నియమం కూడా ఉంది. కథలో ఉత్కంఠ పెంచడానికి అది చక్కగా పనికొస్తుంది.

రాత, పరీక్ష

ఈ తరహా నవలకు 40,000 పదాలు చాలు. రోజుకు 800 రాస్తే 50 రోజులు. ప్రతి అధ్యాయం ఒక ప్రశ్న దగ్గర ఆగాలి. పూర్తయ్యాక ఇద్దరికి ఇవ్వండి, ఒకరు మన ఊరివారు, ఒకరు బయటివారు. పదో అధ్యాయం దగ్గర ఆగి, ఎవరి మీద అనుమానమో కాగితం మీద రాయమనండి. ఇద్దరూ హంతకుడి పేరే రాస్తే ఆధారాలు మరీ పైకి కనిపిస్తున్నాయి. చివర చదివి "అదెలా?" అంటే ఆధారాలు చాలలేదు.

అచ్చు

డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) చేసేవారిలో చాలామంది ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడతారు. అచ్చుకు అవి బాగుంటాయి, కానీ అదే ఫైలును ఇంటర్నెట్‌లో పెడితే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. మీరు మొదటి నుంచీ ఫోన్లలో, ఇంటర్నెట్‌లో కనిపించే యూనికోడ్‌లోనే రాసి ఆ ప్రతిని భద్రపరచండి. ఫాంటు మార్చినప్పుడు వత్తులు, అంకెలు చెదురుతుంటాయి కాబట్టి ప్రూఫు మీరే దిద్దండి. ఒక్క తేదీ తప్పు పడితే ఆధారమే పోతుంది.

మొదట డిజిటల్ ప్రింటులో 100 కాపీలు చాలు. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరును కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఎవరికీ డబ్బు ఇవ్వకండి. రాసిన క్షణం నుంచే కాపీరైటు మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని, వివాదం వస్తే పనికొస్తుంది.

అమ్మకం

మొదటి అయిదు అధ్యాయాలను వారానికొకటి చొప్పున, కథలు చదివే ప్రతిలిపి యాప్‌లో ఉచితంగా పెట్టండి. వాట్సాప్ స్టేటస్‌లో "నా పుస్తకం కొనండి" అంటే ఎవరూ ఆగి చూడరు. మీరే తయారుచేసిన ఉత్తుత్తి తక్‌పట్టి ఫోటో పెట్టి, "ఇందులో తప్పేమిటి?" అని అడగండి. జవాబు చెప్పినవారందరికీ మొదటి అధ్యాయం పంపండి.

హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల పుస్తకాల షాపుల్లో అయిదేసి కాపీలు ఇచ్చి, కమిషన్ ఎంతో, లెక్క ఏ తేదీన చూస్తారో రాయించుకోండి. మార్కెట్‌లో మీకు వివరాలు చెప్పిన గుమస్తాకు, దడువాయికి తలొక కాపీ ఇవ్వండి. వారి నోటి మాటతో అమ్ముడుపోయినన్ని కాపీలు ఏ ప్రకటనతోనూ పోవడం నేను చూడలేదు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు నలుగురు రచయితలు కలిసి ఒకే స్టాలు తీసుకోవడం మేలు.

తరువాత ఎక్కువ కాపీల కోసం ఆఫ్‌సెట్ ప్రింటుకు వెళితే, పుస్తకం 16 పేజీల ఫారాల లెక్కన అచ్చవుతుంది. నవల 154 పేజీలకు ముగిస్తే 160 దాకా ఆరు పేజీలు మిగులుతాయి. వాటిని ఖాళీగా వదలకండి. రెండో నవల మొదటి అధ్యాయం అక్కడ వేయండి, దాని కింద డబ్బు పంపే క్యూఆర్ కోడ్ ఉంచండి.